వరద గేట్ల నిర్వహణ

జలాశయంలో నిల్వ సామర్థ్యానికి మించి వచ్చే నీటిని నదిలోకి వదలడానికి ఆనకట్టపై అమర్చిన ఉక్కు తలుపులను వరద గేట్లు లేదా క్రస్ట్ గేట్లు అంటారు. వీటిని ఎప్పుడు, ఎన్ని, ఎంత ఎత్తుకు తెరవాలో నిర్ణయించడం, యంత్రాల సహాయంతో పైకెత్తడం, వరద తగ్గిన తర్వాత తిరిగి దించడం, సంవత్సరం పొడవునా వాటిని పనిచేసే స్థితిలో ఉంచడం అన్నీ కలిపి వరద గేట్ల నిర్వహణ అవుతుంది. తెలంగాణ ఉత్తర భాగంలోని పూర్వపు ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలలో గోదావరి, కడెం, మానేరు నదులపై గల ప్రాజెక్టులన్నిటిలోనూ ఈ పని ఉంది. 2016లో జరిగిన పునర్వ్యవస్థీకరణ వలన ఈ ప్రాజెక్టులు ఇప్పుడు నిర్మల్, మంచిర్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, జయశంకర్ భూపాలపల్లి వంటి కొత్త జిల్లాల పరిధిలోకి వచ్చాయి.

ఓడలకు దారి ఇవ్వడానికి పైకి లేచే వంతెనలను నడిపేవారి పనికీ, గేట్లు ఎత్తేవారి పనికీ దగ్గరి పోలిక ఉంది. రెండింటిలోనూ వందల టన్నుల ఉక్కును మోటార్లు, గేర్లు, తాళ్ళు, ఎదురు బరువుల సహాయంతో కొద్దిమంది మనుషులు కదిలిస్తారు. రామేశ్వరం వద్ద 1914లో ప్రారంభమైన పాంబన్ రైలు వంతెన నడిమి భాగాన్ని పనివారు చేతితో మీటలు తిప్పి తెరిచేవారు. దాని పక్కనే 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త వంతెనలో ఒక భాగం మొత్తం విద్యుత్ మోటార్లతో నిలువుగా పైకి లేస్తుంది. అయితే వంతెన తెరవడం ఆలస్యమైతే ఓడ కొంతసేపు ఆగుతుంది. నదిలో వచ్చే వరద ఆగదు. గేట్ల నిర్వహణలోని కష్టమంతా ఈ తేడాలోనే ఉంది.

మత్తడి నుండి గేటు వరకు

తెలంగాణ గ్రామాలలో చెరువు నీటిని పొలాలకు వదలడానికి తూము, మిగులు నీరు పోవడానికి మత్తడి ఉంటాయి. తూము తెరిచి మూసే బాధ్యత, ఏ పొలానికి ఎంత నీరు పారాలో చూసే బాధ్యత నీరటిది. మత్తడికి మాత్రం ఏ నీరటీ అవసరం లేదు. అది నిర్ణీత ఎత్తులో కట్టిన రాతి గోడ. చెరువు నిండగానే నీరు దానిమీది నుండి తనంతట తాను దుంకుతుంది. అర్ధరాత్రి వాన పడినా, ఊరంతా నిద్రలో ఉన్నా మత్తడి తన పని తాను చేసుకుపోతుంది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఖానాపూర్ సమీపంలో గోదావరిపై నిజాం కాలంలో, 19వ శతాబ్దం చివర, నిర్మించిన సదర్మాట్ ఆనకట్ట కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

మత్తడికి ఒక పరిమితి ఉంది. దాని ఎత్తును మించి నీటిని నిల్వ చేయలేము. ఎత్తు పెంచితే నిల్వ పెరుగుతుంది గాని, పెద్ద వరద వచ్చినపుడు నీరు మరింత పైకి లేచి ఎగువ గ్రామాలను ముంచుతుంది, కట్టను తెంచుతుంది. ఈ చిక్కును తొలగించడానికే గేట్లు వచ్చాయి. తక్కువ ఎత్తులో కట్టిన స్పిల్‌వేపై గేట్లు నిలిపితే, మూసినపుడు అవి ఎత్తైన గోడగా, తెరిచినపుడు లోతైన దారిగా పనిచేస్తాయి.

పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టు దీనికి మంచి ఉదాహరణ. దీనికి 1963 జూలై 26న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఇందులో 50 అడుగుల వెడల్పు, 35 అడుగుల ఎత్తు గల గేట్లు 42 ఉన్నాయి. పూర్తి స్థాయి నీటిమట్టం సముద్ర మట్టానికి 1091 అడుగులు. అంటే జలాశయం నిండినపుడు పై 35 అడుగుల నీరు దాదాపుగా ఈ గేట్లకే ఆని ఉంటుంది. జలాశయం పైకి పోయేకొద్దీ విశాలమవుతుంది కనుక నిల్వలో అధిక భాగం కూడా ఆ పై పొరలోనే ఉంటుంది. కాకతీయ కాలువ కింద కరీంనగర్ వైపు పండే వరికి నీరు అక్కడి నుండే వస్తుంది.

ఈ లాభానికి బదులుగా మత్తడి తనంతట తాను చేసే పనిని ఒక యంత్రానికి, దానిని నడిపే మనిషికి అప్పగించవలసి వచ్చింది. విద్యుత్తు ఉండాలి, తాడు తెగకూడదు, గేటు ఇరుక్కోకూడదు, సరైన వేళకు సరైన నిర్ణయం జరగాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా కట్టకు ముప్పు.

గేటు ఎలా పనిచేస్తుంది

ఇప్పటి ప్రాజెక్టులలో ఎక్కువగా కనిపించేది రేడియల్ గేటు. దీనికి నీటి వైపు ఉబ్బెత్తుగా వంగిన ఉక్కు పలక, దాని వెనుక రెండు వైపులా బలమైన ఉక్కు చేతులు ఉంటాయి. ఈ చేతులు పిల్లర్లకు బిగించిన ఇరుసుల వద్ద కలుస్తాయి. ఈ ఇరుసునే ఇంజనీర్లు ట్రనియన్ అంటారు. గేటు పైకి లేచేటప్పుడు పలక ఈ ఇరుసు చుట్టూ వృత్తాకారంలో తిరుగుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌కు చెందిన జెరెమియా టెయింటర్ దీనికి 1886లో పేటెంటు పొందాడు.

దీని గొప్పతనం అంకెలలో చూస్తే తెలుస్తుంది. 50 అడుగుల వెడల్పు, 35 అడుగుల ఎత్తు గల గేటుకు అంచు దాకా నీరు ఆనితే దానిపై పడే ఒత్తిడి 860 టన్నులకు పైగా ఉంటుంది. పలకను వృత్తఖండంగా మలచడం వలన ఈ బలమంతా నేరుగా ఇరుసు గుండా పిల్లరులోకి పోతుంది. కనుక పైనున్న యంత్రం గేటు బరువునూ, ఇరుసు వద్ద, పక్కల రబ్బరు సీళ్ళ వద్ద కలిగే రాపిడినీ మోస్తే సరిపోతుంది. ఇరుసులో గ్రీజు ఎండిపోయి తుప్పు పడితే మాత్రం లెక్క మారిపోతుంది. అప్పుడు ఆ 860 టన్నుల బలమే రాపిడిని పెంచి ఉక్కు చేతులను వంచే ప్రమాదం ఉంది.

గేటు రెండు అంచులకు కట్టిన ఉక్కు రోపులు పైనున్న డ్రమ్ములకు చుట్టుకుంటాయి. మోటారు వేగాన్ని గేరుబాక్సులు అనేక రెట్లు తగ్గిస్తాయి. అందువలన చిన్న మోటారు కూడా పెద్ద గేటును ఎత్తగలదు, కాని చాలా నెమ్మదిగా. రెండు రోపులు సమానంగా లాగకపోతే గేటు ఒక పక్కకు ఒరిగి పిల్లరుకు బిగుసుకుంటుంది. విద్యుత్తు పోతే జనరేటరు, అదీ పనిచేయకపోతే చేతితో తిప్పే హ్యాండిలు ఉంటాయి. హ్యాండిలుతో ఒక్క అడుగు లేపడానికి కూడా ఎంతోసేపు మనుషులు మారుతూ తిప్పవలసి ఉంటుంది. కడెం వంటి పాత ప్రాజెక్టులలో గేటు బరువుకు సరితూగే ఎదురు బరువులు కూడా ఉన్నాయి. వీటిని సిబ్బంది కౌంటర్ వెయిట్లు అనే పిలుస్తారు. బావి గిలకకు ఒకవైపు నిండు బిందె, మరోవైపు దానికి సరిపడే రాయి కట్టినట్లు ఊహించుకుంటే ఈ సూత్రం బోధపడుతుంది. ఎదురు బరువు విరిగిపడితే గేటు మొత్తం బరువు మోటారుపై పడుతుంది.

ఎండాకాలపు పని

గేట్లు కదిలేది సంవత్సరంలో కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల కోసం చేసే పని మిగతా సంవత్సరమంతా నడుస్తుంది. జలాశయం అడుగంటే ఏప్రిల్, మే నెలలలోనే గేటు నీటి వైపు భాగం బయటపడుతుంది కనుక తుప్పు గీకడం, రంగు వేయడం, చెడిన సీళ్ళు మార్చడం వంటివి అప్పుడే చేయాలి. రోపులలో ఒక్కొక్క పోగు తెగిందేమో చేతితో తడిమి చూస్తారు. రోపులకు, గేర్లకు, ఇరుసులకు గ్రీజు పట్టిస్తారు. బ్రేకులు, మోటార్లు, జనరేటరు పరీక్షించి, ప్రతి గేటునూ కొంత ఎత్తి దించి చూస్తారు.

నీరు నిల్వ ఉండగానే ఒక గేటును బాగుచేయవలసి వస్తే దాని ముందు స్టాప్‌లాగ్ గేటు దించుతారు. ఇది ముక్కలు ముక్కలుగా ఉండే తాత్కాలిక ఉక్కు అడ్డు. పిల్లర్లలో ముందుగానే వదిలిన గాడులలో క్రేను ద్వారా ఒకదానిపై ఒకటి పేరుస్తారు. అవి పెట్టాక అసలు గేటు వెనుక నీరు లేకుండా పోతుంది.

ఈ పని ఎవరి కంటా పడదు. గ్రీజు పట్టని ఇరుసు ఆ సంవత్సరం వరద రాకపోతే ఎవరికీ తెలియదు, వచ్చే సంవత్సరం కూడా తెలియకపోవచ్చు. ప్రతి కొత్త ప్రాజెక్టు శంకుస్థాపనకు దొరికే నిధులు పాత గేటు గ్రీజుకు దొరకవన్నది నీటిపారుదల రంగంలో చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు.

వరద వచ్చినపుడు

వరద పరిమాణాన్ని క్యూసెక్కులలో చెబుతారు. ఒక సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. వంద కోట్ల ఘనపు అడుగులు ఒక టి.ఎం.సి. లక్ష క్యూసెక్కుల ప్రవాహం గంటసేపు వస్తే 0.36 టి.ఎం.సి. చేరుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే వార్తలలో వచ్చే వరద అంకెలన్నీ అర్థమవుతాయి.

జలాశయంలోకి ఎంత నీరు వస్తున్నదో నేరుగా కొలిచే సాధనం ఆనకట్ట వద్ద ఉండదు. గంట గంటకూ నీటిమట్టం చూసి, మట్టానికీ నిల్వకూ సంబంధించిన పట్టిక నుండి నిల్వ ఎంత పెరిగిందో లెక్కిస్తారు. దానికి బయటకు వదులుతున్న నీటిని కలుపుతారు. ఉదాహరణకు రెండు లక్షల క్యూసెక్కులు వదులుతున్నా గంటలో నిల్వ 0.36 టి.ఎం.సి. పెరిగితే, వస్తున్నది మూడు లక్షల క్యూసెక్కులన్నమాట. ఈ పద్ధతిలో తెలిసేది గడచిన గంట సంగతి. రాబోయే గంట సంగతి ఎగువన ఉన్న కొలత కేంద్రాల నుండి, వర్షపాత వివరాల నుండి అంచనా వేసుకోవాలి.

గేట్లు తెరిచే నిర్ణయం ఆపరేటరుది కాదు. క్షేత్రస్థాయి ఇంజనీరు వివరాలు పంపితే కార్యనిర్వాహక ఇంజనీరు, ఆపై అధికారులు ఆదేశం ఇస్తారు. జిల్లా కలెక్టరుకు, రెవెన్యూ, పోలీసు శాఖలకు కబురు పోతుంది. దిగువ గ్రామాలలో చాటింపు వేయిస్తారు. సైరను మోగించి, నదిలో పశువులు, చేపలు పట్టేవారు లేకుండా చూసిన తర్వాతే మొదటి గేటు లేస్తుంది.

సాధారణంగా మధ్య గేట్లను ముందు తెరిచి, తర్వాత అటూ ఇటూ సమానంగా మిగతావి తెరుస్తారు. ఒక అంచు గేట్లను మాత్రమే తెరిస్తే నీరు సుడులు తిరిగి ఆ వైపు గట్టును, ఆనకట్ట పాదాన్ని కోసివేస్తుంది. ఏ గేటునూ ఒక్కసారిగా పూర్తిగా ఎత్తరు. అన్నిటినీ కొద్ది కొద్దిగా, దశలవారీగా లేపుతారు. మరీ తక్కువ ఎత్తులో ఎక్కువసేపు ఉంచినా గేటు అదిరి దెబ్బతింటుంది. ప్రతి మార్పునూ సమయం, గేటు సంఖ్య, ఎత్తు, నీటిమట్టంతో సహా రిజిస్టరులో రాస్తారు.

ఇందులో ఎప్పుడూ ఒక పేచీ ఉంటుంది. ముందుగానే గేట్లు తెరిచి జలాశయంలో కొంత చోటు చేసుకుంటే పెద్ద వరదను తట్టుకోవచ్చు. కాని ఊహించిన వరద రాకపోతే యాసంగి పంటకు కావలసిన నీరు సముద్రం పాలవుతుంది. ఆగి చూస్తే నీరు దక్కుతుంది గాని, వరద అంచనా మించితే దిగువ ఊళ్ళకు ఒక్కసారిగా పెద్ద ప్రవాహం వదలవలసి వస్తుంది. రెండు విధాలా మాట పడేది ఇంజనీరే.

దించేటపుడు పని మరింత జాగ్రత్తగా ఉంటుంది. వరద తగ్గుముఖం పట్టాక జలాశయం సరిగ్గా పూర్తి మట్టంలో నిలిచేలా ఒక్కొక్క గేటునూ మూయాలి. మూసిన గేటు కింద కొయ్య దుంగో, రాయో ఇరుక్కుంటే సందులోంచి నీరు చిమ్ముతూనే ఉంటుంది. అప్పుడు ఆ గేటును మళ్ళీ కొంచెం ఎత్తి, ఆ ధాటికి దుంగ కొట్టుకుపోయాక దించుతారు. గేట్లు మూశారని తెలియగానే దిగువ మడుగులలో చేపల కోసం జనం దిగుతారు కనుక ఇలా మళ్ళీ ఎత్తే ముందు కూడా సైరను మోగించవలసిందే.

కడెం అనుభవం

ఈ ప్రాంతంలో గేట్ల నిర్వహణ ఎంత కీలకమో చెప్పడానికి కడెం నారాయణరెడ్డి ప్రాజెక్టును మించిన ఉదాహరణ లేదు. ఇది పూర్వపు ఆదిలాబాదు జిల్లా, ప్రస్తుత నిర్మల్ జిల్లా కడెం పెద్దూరు వద్ద గోదావరి ఉపనది అయిన కడెంపై ఉంది. నిర్మాణం 1949లో మొదలై 1965లో పూర్తయింది. ఆయకట్టు సుమారు 68 వేల ఎకరాలు. పూర్తి మట్టం 700 అడుగులు, నిల్వ సామర్థ్యం సుమారు 7.6 టి.ఎం.సి.లు. ప్రస్తుతం 18 గేట్లు ఉన్నాయి.

కడెం నది ఆదిలాబాదు అటవీ ప్రాంతపు కొండలలో పుట్టి, కుంతాల జలపాతంగా దూకి, తక్కువ దూరంలోనే జలాశయానికి చేరుతుంది. గోదావరి వరద మహారాష్ట్ర నుండి కదిలి వస్తున్నదని ముందే తెలుస్తుంది. కడెం వరద అలా కాదు. కొండలలో కుండపోత కురిస్తే కొద్ది గంటలలోనే నీరు గేట్ల ముందుంటుంది.

1958 ఆగస్టులో, ప్రాజెక్టు ఇంకా పూర్తి కాకముందే, సెకనుకు సుమారు 14,700 ఘనపు మీటర్ల, అనగా 5 లక్షల క్యూసెక్కులకు పైగా, వరద వచ్చింది. పూర్తి మట్టానికి పైన 2.4 మీటర్ల ఎత్తు కట్టను అదనంగా వదిలినా అది చాలలేదు. నీరు కట్టపై 46 సెంటీమీటర్ల మందాన పొర్లింది. మట్టికట్టపై నీరు పొర్లితే అది నిలవదు. ఎడమ వైపున సుమారు 137 మీటర్ల మేర గండి పడింది, కుడి వైపున మరో రెండు గండ్లు పడ్డాయి. భారతదేశంలో ఆనకట్టల వైఫల్యాలను వివరించే ఇంజనీరింగు పాఠాలలో కడెం పేరు ఇప్పటికీ వస్తుంది. ఆ తర్వాత స్పిల్‌వేను విస్తరించి ప్రాజెక్టును పునర్నిర్మించారు.

2022 జూలై 13, 14 తేదీలలో మళ్ళీ దాదాపు అంతే వరద వచ్చింది. జలాశయంలోకి వచ్చిన ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులు దాటగా, గేట్లన్నీ కలిపి వదలగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులే. 18 గేట్లలో 17 లేచాయి, ఒకటి లేవలేదు. 5 లక్షల క్యూసెక్కులంటే గంటకు 1.8 టి.ఎం.సి. ఖాళీ జలాశయం కూడా నాలుగు గంటలకు కాస్త మించి నిండిపోయే లెక్క ఇది. 3 లక్షలు వదులుతున్నా గంటకు 0.72 టి.ఎం.సి. చొప్పున నీరు పెరుగుతుంది. నీటిమట్టం 700 అడుగులు దాటి ప్రవాహం గేట్ల పైనుండి దూకింది. కొట్టుకొచ్చిన చెట్లు, దుంగలు గేట్లకు చిక్కుకున్నాయి. దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించారు. చివరకు ఎడమ కాలువకు గండి పడి కొంత నీరు ఆ దారిన పోవడం, ఎగువన వాన తగ్గడంతో ప్రధాన కట్ట నిలిచింది.

సంవత్సరం తిరగగానే 2023 జూలై 27న మరొక పెద్ద వరద వచ్చింది. ఇది మునుపటి దానికంటే చిన్నదే, 4 లక్షల క్యూసెక్కులకు లోపే. కాని ఈసారి 14 గేట్లే తెరుచుకున్నాయి, నాలుగు మొరాయించాయి. ఒక్కొక్క గేటు వాటా సగటున 16 వేల క్యూసెక్కులకు పైగా అనుకుంటే నాలుగు గేట్ల నష్టం సుమారు 66 వేల క్యూసెక్కులు. ఫలితంగా రెండవ సంవత్సరం కూడా నీరు గేట్ల మీది నుండి పొర్లింది. 2022లో సమస్య ప్రధానంగా స్పిల్‌వే చాలకపోవడం కాగా, 2023లో ఉన్న గేట్లే లేవకపోవడం. మొదటిదానికి కొత్త నిర్మాణం కావాలి, రెండవదానికి మరమ్మత్తు, మనుషులు కావాలి. ఆ తర్వాత గేట్లకు మరమ్మత్తులు చేపట్టారు.

ప్రాంతంలోని ఇతర ప్రాజెక్టులు

శ్రీరాంసాగర్‌కు ఎగువన, మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో 14 గేట్లు గల బాబ్లీ ప్రాజెక్టు ఉంది. దాని గేట్లను నడిపేది క్యాలెండరు. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రల వివాదంపై సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు ఈ గేట్లను ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టి.ఎం.సి.ల నీటిని దిగువకు వదలాలి. పర్యవేక్షణకు త్రిసభ్య కమిటీ ఉంది. అందువలన ప్రతి సంవత్సరం జూలై 1న అధికారుల సమక్షంలో గేట్లు లేపడం ఈ ప్రాంతపు వార్తలలో ఒకటిగా మారింది.

కరీంనగర్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న దిగువ మానేరు జలాశయానికి 20 గేట్లు, సుమారు 24 టి.ఎం.సి.ల సామర్థ్యం ఉన్నాయి. ఇది 1985లో పూర్తయింది. దీనికి మానేరు వరదతో పాటు కాకతీయ కాలువ ద్వారా 146 కిలోమీటర్లు ప్రయాణించి శ్రీరాంసాగర్ నీరు కూడా చేరుతుంది. కాలువ నీటిని ఎగువన తగ్గించమని కోరవచ్చు గాని మానేరును ఎవరూ ఆపలేరు. కనుక వానాకాలంలో రెండూ ఒకేసారి రాకుండా చూసుకోవాలి. గేట్లు ఎత్తిన రోజున పట్టణ ప్రజలు చూడటానికి తరలివస్తారు. వారిని దూరంగా ఉంచడం కూడా సిబ్బంది పనులలో ఒకటి.

మానేరుపైనే ఎగువన మధ్య మానేరు ప్రాజెక్టుకు 25 గేట్లు ఉన్నాయి. గోదావరిపై శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు 62, మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లు ఉన్నాయి. మేడిగడ్డ వద్ద 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగిన తర్వాత గేట్లను ఎత్తి నీటిని వదిలివేశారు. పిల్లరు కదిలితే దాని గాడులలో ఉన్న గేటు కూడా బిగుసుకుంటుందన్నది అక్కడ స్పష్టంగా కనిపించింది.

గేటు తెగిపోతే

గేటు లేవకపోవడం ఒక ప్రమాదమైతే, మూసి ఉన్న గేటు కొట్టుకుపోవడం మరొకటి. 2021 ఆగస్టు 5న కృష్ణా నదిపై పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయింది. స్టాప్‌లాగ్ పెట్టడానికి జలాశయంలోని నీటిని చాలావరకు వదిలివేయవలసి వచ్చింది. కర్ణాటకలోని హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్టకు ఉన్న 33 గేట్లలో 19వ దాని గొలుసు 2024 ఆగస్టు 10 రాత్రి తెగింది. ఆ గేటుపై ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా తెరవడంతో పదుల టి.ఎం.సి.ల నీరు నదిపాలైంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో ప్రవాహం నడుస్తుండగానే స్టాప్‌లాగ్ ముక్కలను ఆగస్టు 17 నాటికి అమర్చారు. రాయలసీమ ఆయకట్టుకు ఆ సంవత్సరం కొంత నీరైనా మిగలడానికి ఈ పనే కారణం.

అదే సంవత్సరం సెప్టెంబరు మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినపుడు, కొట్టుకొచ్చిన పడవలు 67, 69 గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొట్టి విరగ్గొట్టాయి. కొద్ది రోజులలోనే వాటి స్థానంలో ఉక్కుతో చేసిన కొత్తవి బిగించారు. కడెంలో దుంగలు, ప్రకాశం బ్యారేజీలో పడవలు. గేటుకు నీటికంటే నీరు మోసుకొచ్చేదే ఒక్కోసారి ఎక్కువ హాని చేస్తుంది.

సిబ్బంది

గేట్ల వద్ద పనిచేసేవారిలో గేట్ ఆపరేటర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, లస్కర్లు ఉంటారు. లస్కర్లు ప్రధానంగా కాలువల వెంట తిరుగుతూ తూములు, చిన్న రెగ్యులేటర్లు చూసుకుంటారు. వరద సమయంలో వీరిని కూడా ఆనకట్ట వద్దకు పిలుస్తారు. ఈ పని పుస్తకాలలో నేర్చుకునేది కొంతే. మోటారు శబ్దం మారితే రోపు ఎక్కడ పట్టుకున్నదో, గేటు ఏ పక్కకు ఒరుగుతున్నదో పోల్చుకోవడం ఒకే ప్రాజెక్టులో ఏళ్ళ తరబడి పనిచేస్తేనే వస్తుంది. శాశ్వత ఉద్యోగులు పదవీ విరమణ చేశాక వారి స్థానంలో పొరుగు సేవల పద్ధతిలో తీసుకున్నవారితో పని నడపడం సాధారణమైంది. వీరు మారినపుడల్లా ఆ గుర్తింపు కూడా కొంత పోతుంది.

2021 డిసెంబరు 30న అమలులోకి వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం ప్రతి పెద్ద ఆనకట్టనూ వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీ చేయాలి. నిర్వహణకు తగిన నిధులు, శిక్షణ పొందిన సిబ్బంది ఉండాలి. ప్రమాద సమయంలో ఏ గ్రామానికి ఎవరు కబురు పంపాలో, జనాన్ని ఏ దారిన తరలించాలో తెలిపే అత్యవసర ప్రణాళికను ప్రతి ప్రాజెక్టూ సిద్ధంగా ఉంచుకోవాలి.